చౌరస్తా దాటే మనిషికి ఏ సిగ్నల్ మేలు? అర్జీ పెట్టే ముందు పోల్చి చూసుకోండి

కాలనీ సంఘం వాళ్లయినా, బడి దగ్గర తల్లిదండ్రులయినా చౌరస్తా గురించి అర్జీ రాయడానికి కూర్చుంటే కాగితం మీదికి వచ్చేవి దాదాపు ఎప్పుడూ రెండే కోరికలు: "మనుషులు దాటడానికి టైమ్ పెంచండి", "ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టించండి". రెండోది కోట్ల ఖర్చు, ఏళ్ల పని. పైగా బండ్ల కోసం కింద అయిదున్నర మీటర్ల ఎత్తు వదలాలి కాబట్టి, మెట్టు 15 సెంటీమీటర్లు అనుకున్నా 36 మెట్లు దాటి ఎక్కాలి, మళ్లీ దిగాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషి అది ఎక్కరు, కిందనుంచే దాటతారు. మొదటి కోరిక సరైనదే. కానీ ఏ వైపు దాటేవాళ్లకు, ఎన్ని సెకన్లు, ఏ బండ్లను ఆపి అన్నది రాయకపోతే దానితో ఎవరూ ఏమీ చేయలేరు. సిగ్నల్ టైమింగ్‌లోనే అయిదారు రకాల మార్పులున్నాయి, ఒక చౌరస్తాలో ప్రాణాలు కాపాడేది ఇంకో చౌరస్తాలో అసలు పనే చేయకపోవచ్చు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే, అంటే రోజుకు దాదాపు 90 మంది. వీళ్లంతా చౌరస్తాల్లోనే పోలేదు, నిజమే. కానీ సిగ్నల్ ఉన్న చౌరస్తా అంటే గోడలు కూలగొట్టకుండా, భూసేకరణ లేకుండా, కంట్రోలర్ డబ్బాలో సెకన్లు మార్చి చాలా వరకు సరిచేయగలిగిన చోటు. అక్కడ కూడా చేయకపోతే ఎలా?

ముందు వేటిని చూడాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది నెమ్మదిగా నడిచేవాళ్లకు టైమ్ సరిపోతుందా అని. సిగ్నల్ లెక్కల్లో మామూలుగా మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని వేసుకుంటారు. అమెరికాలో 2009లో ఆ అంచనాను దాదాపు 1.07 మీటర్లకు తగ్గించారు, ఎందుకంటే జనంలో పెద్దవాళ్లు ఎక్కువయ్యారు. కర్ర పట్టుకుని నడిచేవాళ్లు, పసిపిల్లను ఎత్తుకున్న తల్లి సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే గొప్ప. డివైడరుతో కలిపి 24 మీటర్ల వెడల్పున్న రోడ్డు తీసుకోండి: 1.2 లెక్కన 20 సెకన్లు, 0.8 లెక్కన 30 సెకన్లు. ఆ పది సెకన్ల తేడాలో పెద్దాయన ఇంకా రోడ్డు మీదే ఉంటారు, అప్పుడే పక్కనున్న బండ్లకు పచ్చ పడుతుంది. దీనికి తోడు, ఫుట్‌పాత్ మీద నిలబడ్డ మనిషి లైటు చూసి, అటూ ఇటూ చూసి అడుగు వేయడానికి ఒక 7 సెకన్లు కలపాలి.

రెండోది తిరిగే బండి. నేరుగా వచ్చే బండి కనిపిస్తుంది, దాన్ని మనిషి అంచనా వేసుకుంటాడు. ఎడమకో కుడికో తిరిగే బండి మాత్రం వెనక నుంచి, పక్క నుంచి వస్తుంది. ఆ డ్రైవరేమో ఎదుటి బండ్లను చూస్తూ తిరుగుతాడు, జీబ్రా మీదున్న మనిషిని చూడడు. ఏ మార్పు గురించి ఆలోచించినా "దీనివల్ల తిరిగే బండి ఆగుతుందా?" అని ఒకసారి అడిగి చూడండి, సగం గందరగోళం అక్కడే పోతుంది.

మూడోది నిలబడాల్సిన సేపు. అర నిమిషం దాటితే నడిచేవాళ్లకు ఓపిక తగ్గుతుందని ట్రాఫిక్ ఇంజనీర్ల పుస్తకాల్లోనే ఉంది. మన పెద్ద చౌరస్తాల్లో రెండు మూడు నిమిషాల సైకిళ్లు (అంటే అన్ని వైపులకూ ఒకసారి వంతు వచ్చి మళ్లీ మొదటికి రావడానికి పట్టే సమయం) మామూలు. ఎండలో అంతసేపు నిలబెట్టి, తర్వాత ఎర్ర లైటులో దాటారని మనిషినే తిట్టడం న్యాయం కాదు.

ఆ తర్వాత ఖర్చు, ఎవరు చేయాలి అన్నవి. సెకన్లు ట్రాఫిక్ పోలీసుల చేతిలో, డివైడరు, జీబ్రా, ఫుట్‌పాత్ మున్సిపాలిటీ చేతిలో ఉంటాయి కాబట్టి కొన్ని మార్పులకు ఒక్క కాగితం చాలు, కొన్నింటికి రెండు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: రద్దీ వేళ కానిస్టేబుల్ సిగ్నల్‌ను చేత్తో నడిపిస్తే మీరు సాధించుకున్న టైమింగ్ అంతా ఆ రెండు గంటలూ ఉండదు. కాబట్టి ఏ మార్పు అడిగినా చేత్తో నడిపేటప్పుడు కూడా మనుషుల వంతు వదలొద్దని అందులోనే రాయండి.

మీ చౌరస్తా ఏ రకమో తేల్చుకోండి

ఇది తేల్చుకోకుండా ముందుకు పోతే తప్పు మందు వేసుకున్నట్టే. మూల మీద నిలబడి రెండు మూడు సైకిళ్లు చూడండి. ఎదురెదురు రోడ్లకు ఒకేసారి పచ్చ పడుతోందా? లేక ఒక్కో రోడ్డుకు విడివిడిగా, వంతులవారీగా పడుతోందా? మన నగరాల్లో పెద్ద చౌరస్తాలు చాలావరకు రెండో రకం, అంటే ఒక వైపు బండ్లు నేరుగా, కుడికి, ఎడమకు అన్నీ కలిసి పోతాయి, తర్వాత ఇంకో వైపు.

వంతులవారీ చౌరస్తాలో ఒక చిక్కుంది. మీరు ఉత్తరం వైపు రోడ్డు దాటాలనుకోండి. ఆ రోడ్డులో రెండు సగాలు: చౌరస్తాలోకి బండ్లు వచ్చే సగం, చౌరస్తా నుంచి బయటికి పోయే సగం. వచ్చే సగంలో బండ్లు కదిలేది ఉత్తరానికి పచ్చ పడ్డప్పుడే, మిగతా మూడు వంతుల్లో అవి స్టాప్ లైన్ వెనకే ఉంటాయి. పోయే సగం దీనికి తలకిందులు: దక్షిణం నుంచి నేరుగా, తూర్పు నుంచి కుడికి తిరిగి, పడమర నుంచి ఎడమకు తిరిగి, మూడు వంతుల్లోనూ బండ్లు అందులోకే వచ్చి పడతాయి. ఉత్తరానికి పచ్చ ఉన్నప్పుడు మాత్రం యూటర్న్ తీసుకునే ఒకటీ అరా తప్ప అటు ఏమీ రావు. అంటే రోడ్డు మొత్తం ఒకేసారి ఖాళీగా ఉండే వంతు ఒక్కటీ లేదు, కానీ ఏదో ఒక సగం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. చెయ్యి అడ్డం పెట్టి, బస్సుకూ ఆటోకూ మధ్యలోంచి దాటే ఆడవాళ్లను కాసేపు గమనించండి. వాళ్లు చేస్తున్నది సరిగ్గా ఇదే: సగం దాటి డివైడరు మీద నిలబడి, మిగతా సగం ఖాళీ అయ్యేదాకా ఆగుతారు. వాళ్ల లెక్క సరైనదే, సిగ్నలే ఇంకా దాన్ని నేర్చుకోలేదు.

ఫ్రీ లెఫ్ట్ ఆపించడం

నా దృష్టిలో మొదట అడగాల్సింది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. ఫ్రీ లెఫ్ట్ ఉన్నంతకాలం పైన చెప్పిన రెండు సగాల్లో ఏదీ నిజంగా ఖాళీగా ఉండదు: ఎర్ర లైటు ఉన్నా ఎడమకు తిరిగే బండ్లు పోతూనే ఉంటాయి, ఇంకో రోడ్డు నుంచి ఎడమకు తిరిగినవి మీరు దాటే రోడ్డులోకి వస్తూనే ఉంటాయి. అంటే నడిచేవాళ్లకు ఎన్ని సెకన్లు పెంచినా వాళ్లకంటూ ఒక్క క్షణం కూడా ఇవ్వనట్టే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఎర్ర లైటులో కుడికి తిరిగే పద్ధతి తెలుసు, అక్కడ కూడా ముందు పూర్తిగా ఆగి, మనుషులు లేరని చూసుకుని తిరగాలి. న్యూయార్క్ నగరంలో అయితే ప్రత్యేకంగా బోర్డు ఉంటే తప్ప ఎర్ర లైటులో తిరగనే కూడదు. మన ఫ్రీ లెఫ్ట్‌లో ఆ ఆగడం కూడా లేదు.

దీనివల్ల నష్టం కూడా ఉంది, దాచాల్సిన పని లేదు. ఎడమకు తిరిగే బండ్లు ఎక్కువగా ఉన్నచోట వరస పెరుగుతుంది, వెనక హారన్లు మోగుతాయి, మొదటి వారం గొడవ గొడవగా ఉంటుంది. అంత రద్దీ ఉంటే మధ్యేమార్గం అడగొచ్చు: ఎడమకు విడిగా బాణం గుర్తు లైటు పెట్టి, మనుషుల వంతులో దాన్ని ఎర్రగా ఉంచడం. అదీ కుదరదంటే ఆ మలుపులో జీబ్రాను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపించండి, బండి తప్పనిసరిగా నెమ్మదిస్తుంది. మూడింటిలో ఏదీ చేయబోమని వాళ్లంటే మాత్రం మిగతా టైమింగ్ మార్పుల మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు.

రెండు విడతల్లో దాటించడం

వంతులవారీ చౌరస్తాకు ఇది అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే బండ్ల టైమ్‌లో ఒక్క సెకను కూడా తీసుకోదు. ఉత్తరానికి పచ్చ ఉన్న 30 సెకన్లలో బయటికి పోయే సగం దాటొచ్చు: 12 మీటర్లు, సెకనుకు 0.8 మీటర్ల లెక్కన 15 సెకన్లు, పెద్దవాళ్లకు కూడా సరిపోతుంది. లోపలికి వచ్చే సగానికైతే మిగతా మూడు వంతులూ ఉన్నాయి. కావాల్సిందల్లా ఒక్కో సగానికి విడిగా మనిషి బొమ్మ లైటు, మధ్యలో నిలబడే చోటు.

ఆ నిలబడే చోటే అసలు సమస్య. మన డివైడర్లు చాలాచోట్ల అడుగు ఎత్తున, దాని మీద ఇనుప గ్రిల్, లేదంటే మొక్కలు. జీబ్రా గీతలు వచ్చి నేరుగా ఆ గ్రిల్‌కు తగులుతాయి. అక్కడ డివైడరును రోడ్డు మట్టానికి కోయాలి, వీల్‌చెయిర్ తిరగాలంటే మీటరున్నర జాగా ఉండాలి, రెండు పక్కలా బండి తగిలినా ఆగే గట్టి దిమ్మెలు ఉండాలి. ఇది మున్సిపాలిటీ పని, సివిల్ పని, కాబట్టి కొంత టైమ్ పడుతుంది. డివైడరు మరీ సన్నగా ఉండి వెడల్పు చేసే వీలు లేకపోతే ఈ పద్ధతి అడగొద్దు, రెండు వైపులా బండ్లు దూసుకుపోతుంటే పిల్లల్ని మధ్యలో నిలబెట్టడం ప్రమాదం.

మనుషులకు ముందు కొన్ని సెకన్లు

బండ్లకు పచ్చ పడేముందు 3 నుంచి 7 సెకన్లు మనుషులకు ముందుగా ఇవ్వడం. బండి తిరిగే సమయానికి మనిషి జీబ్రా మధ్యలోకి వచ్చేసి ఉంటాడు, డ్రైవరుకు కనబడతాడు. న్యూయార్క్‌లో దీన్ని పెద్ద ఎత్తున పెట్టారు. చౌరస్తాల్లో మనుషులను బండ్లు ఢీకొట్టే ప్రమాదాలు దీనివల్ల 13 శాతం తగ్గుతాయని అమెరికా ఫెడరల్ హైవే శాఖ లెక్క. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, సెట్టింగు మార్చడం తప్ప ఖర్చు లేని పనికి అది తక్కువేం కాదు.

కానీ ఇది ఎదురెదురు రోడ్లకు కలిపి పచ్చ పడే చౌరస్తాకు, రోడ్డు చిన్నగా ఉన్నచోటికి. వంతులవారీ చౌరస్తాలో దీన్ని పెడితే ఒక్కో వంతుకు 5 సెకన్ల చొప్పున నాలుగు వంతులకు 20 సెకన్లు పోతాయి, మనిషికి మాత్రం పూర్తి రోడ్డు దొరకదు. ఇంకో అడ్డంకి బండ్లకు చూపించే కౌంట్‌డౌన్ అంకెలు. 3, 2 అని పడేసరికే బైకులు జీబ్రా ఎక్కేస్తాయి. మనుషులకని దాచిన ఆ 3 సెకన్లను బైకులు తినేస్తాయి. దీన్ని అడిగేవాళ్లు ఎర్ర లైటుకు కౌంట్‌డౌన్ తీసేయమని, స్టాప్ లైన్‌ను జీబ్రాకు కొంచెం వెనక్కి జరపమని కూడా కలిపి అడగాలి.

అన్ని వైపులా ఎరుపు

బండ్లన్నీ ఆపి మనుషులను ఒకేసారి వదలడం. టోక్యోలో షిబుయా చౌరస్తా ఫొటోలు మీరు చూసే ఉంటారు. 1950ల మొదట్లో అమెరికాలోని డెన్వర్‌లో హెన్రీ బార్న్స్ అనే ట్రాఫిక్ ఇంజనీరు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. లండన్ ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో 2009లో పెట్టారు.

మనిషి భద్రత ఒక్కటే చూస్తే ఇదే అన్నిటికంటే మేలు, ఏ బండీ కదలదు. లెక్క చూడండి మరి: 24 మీటర్ల రోడ్డుకు 7 సెకన్లు, నడవడానికి 30 సెకన్లు, మొత్తం 37. రెండు నిమిషాల సైకిల్‌లో దాదాపు మూడో వంతు. ఆ సెకన్లు బండ్ల వంతుల్లోంచి తీస్తే వరసలు పెరుగుతాయి, తీయకుండా సైకిలే పొడిగిస్తే మనుషులు నిలబడే సేపు పెరుగుతుంది, అప్పుడు వాళ్లు ఆగరు, మధ్యలోనే దాటేస్తారు. టొరంటోలో బే, బ్లోర్ వీధుల కూడలిలో పెట్టినదాన్ని 2015లో తీసేశారు, అదే నగరంలో జనం మరీ ఎక్కువగా ఉండే యంగ్, డండాస్ కూడలిలో మాత్రం ఉంచారు. తేడా జనంలోనే ఉంది. మెట్రో స్టేషన్, బస్టాండ్, కూరగాయల మార్కెట్ కలిసే కూడలిలో ఒక్కో సైకిల్‌కు వందమంది దాటుతుంటే ధైర్యంగా అడగండి. పదిమంది దాటేచోట అడిగితే నాలుగు నెలలకే తీసేస్తారు. పెద్ద చౌరస్తాలో మూలకు అడ్డంగా దాటనివ్వమని మాత్రం అడగొద్దు, దూరం పెరిగి సెకన్లు అసలు చాలవు.

బటన్ నొక్కితే ఆగే సిగ్నల్

పెలికాన్ సిగ్నల్ అంటారు. ఇది అసలు చౌరస్తాకన్నా రెండు చౌరస్తాల మధ్యలో, బడి ముందో ఆసుపత్రి ముందో బాగుంటుంది. దీని విలువ అంతా ఒక్క ప్రశ్నలో ఉంది: నొక్కాక ఎన్ని సెకన్లకు బండ్లు ఆగుతాయి? 30 లోపు అయితే జనం నొక్కుతారు, ఆగుతారు. రెండు నిమిషాలయితే నొక్కి, ఖాళీ దొరకగానే దాటేస్తారు, తర్వాత ఎవరూ లేని జీబ్రా ముందు బండ్లు ఆగుతాయి, ఆపైన డ్రైవర్లు దాన్ని లెక్కచేయడం మానేస్తారు. కాబట్టి బటన్ కావాలని కాకుండా, 30 సెకన్లలో ఆగే బటన్ కావాలని రాయండి.

సింగపూర్‌లో 2009 నుంచి పెద్దవాళ్లు, వికలాంగులు తమ కార్డు తాకిస్తే దాటడానికి 3 నుంచి 13 సెకన్లు అదనంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. రోజంతా అందరికీ ఎక్కువ టైమ్ ఇవ్వలేం అనేవాళ్లకు అది మంచి జవాబు. మనకు కార్డు దాకా పోనక్కర్లేదు, ఆసుపత్రి ముందు ఓపీ నడిచే గంటల్లో 10 సెకన్లు పెంచి పెట్టినా అదే పని జరుగుతుంది.

సైకిల్ తగ్గించడం

మూడు నిమిషాల సైకిల్‌ను ఒకటిన్నర నిమిషానికి తెస్తే మనుషుల వంతు రెండింతలు తరచుగా వస్తుంది. ఇంజనీర్లు ఒప్పుకోకపోవడానికి వాళ్ల కారణం వాళ్లకుంది: వంతు మారిన ప్రతిసారీ పసుపు 3 సెకన్లు, చౌరస్తా ఖాళీ కావడానికి అన్ని వైపులా ఎరుపు 2 సెకన్లు పోతాయి, నాలుగు వంతులకు 20 సెకన్లు. మూడు నిమిషాల్లో 20 అంటే 11 శాతం, ఒకటిన్నర నిమిషంలో 22 శాతం. సాయంత్రం ఆరింటికి ఆ నష్టం ఒప్పించడం కష్టం. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు వరకు, రాత్రి తొమ్మిది తర్వాత అయితే రోడ్డు సగం ఖాళీగా ఉండి కూడా అదే పొడవాటి సైకిల్ నడుస్తుంటుంది. ఆ వేళలకు చిన్న సైకిల్ అడగండి, ఎవరికీ నష్టం లేదు. ఆ 2 సెకన్ల ఎరుపును మాత్రం తగ్గించనివ్వొద్దు: గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 10 మీటర్లు పోతుంది, పసుపు చివర్లో దూరిన బస్సు 40 మీటర్ల చౌరస్తా దాటడానికి 4 సెకన్లు కావాలి.

బండ్లను బట్టి టైమ్ తానే మార్చుకునే సిగ్నల్ మీ దగ్గర ఉంటే ఇంకో జాగ్రత్త: మామూలుగా అది లెక్కపెట్టేది బండ్లనే, మూల మీద నిలబడ్డ మనుషులను కాదు. మనుషుల కనీస సెకన్లు ఏ వేళలోనూ తగ్గకుండా అందులో కట్టిపెట్టమని అడగాలి.

| మార్పు | ఏ చౌరస్తాకు | బండ్లకు నష్టం | ఎవరి పని |
|---|---|---|---|
| ఫ్రీ లెఫ్ట్ ఆపడం | ఏదైనా | ఎడమకు తిరిగేవాళ్లకే | పోలీసులు |
| రెండు విడతలు | వంతులవారీ, వెడల్పు డివైడరు | లేదు | మున్సిపాలిటీ, పోలీసులు |
| ముందు సెకన్లు | ఎదురెదురు పచ్చ, చిన్న రోడ్డు | కొంచెం | పోలీసులు |
| అన్నీ ఎరుపు | జనం బాగా ఎక్కువైతేనే | చాలా | పోలీసులు |
| బటన్ | చౌరస్తాల మధ్య | నొక్కినప్పుడే | ఇద్దరూ |
| చిన్న సైకిల్ | రద్దీ లేని వేళ | దాదాపు లేదు | పోలీసులు |

మీరు ఎవరు, ఏది అడగాలి

బడి తల్లిదండ్రులైతే రోజంతా ఏమీ మార్చమనొద్దు, పిల్లలు వచ్చే ముప్పావు గంట, పోయే ముప్పావు గంట అన్నీ ఎరుపు అడగండి. అది అడిగిన వెంటనే దొరికే అవకాశమున్న కోరిక. గేటు చౌరస్తాకు దూరమైతే బటన్.

పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్న పాత కాలనీ అయితే సెకన్ల లెక్కే మీ ఆయుధం. టేపు పట్టి రోడ్డు కొలవండి, 0.8తో భాగించండి, 7 కలపండి, ఇప్పుడున్న సెకన్లు పక్కన రాయండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తే కాదనడం ఎవరికైనా కష్టం.

బస్టాండ్, మెట్రో దగ్గర చిన్న వ్యాపారులైతే మీ షాపు ముందు నుంచి గంటకు ఎంతమంది దాటుతున్నారో లెక్కపెట్టి అన్నీ ఎరుపు అడగండి. స్కైవాక్ వచ్చిన చోట కూడా కిందనుంచి దాటేవాళ్లు ఉంటారు, వాళ్లనూ లెక్కలో వేయండి.

చిన్న పట్టణంలో రెండు రోడ్లు కలిసే మామూలు చౌరస్తా అయితే ముందు సెకన్లు, ఎర్ర కౌంట్‌డౌన్ తీసివేత, ఈ రెండూ కలిపి అడిగితే చాలు.

పెద్ద నగరంలో ఆరు లేన్ల చౌరస్తా అయితే ఫ్రీ లెఫ్ట్ ఆపడం, డివైడరు కోయించడం, రెండు విడతల లైట్లు. ఈ వరసలోనే అడగండి. మొదటిది ఇవ్వకుండా మూడోది ఇస్తామంటే ఒప్పుకోవద్దు, పచ్చ మనిషి బొమ్మను నమ్మి అడుగు వేసినవాళ్ల మీదికి ఎడమ నుంచి బండి వస్తే అసలు లైటు లేనప్పటికంటే ప్రమాదం.

అర్జీని ట్రాఫిక్ పోలీసులకు ఒకటి, మున్సిపాలిటీకి ఒకటి, రెండింటిలోనూ ఒకే గీతల మ్యాపు, ఒకే అంకెలతో పెట్టండి. ఏ గంటల్లో చూశారో రాయండి. రాత్రి ఏ టైమ్ నుంచి పసుపు బ్లింకర్ వేస్తున్నారో కూడా చూసి, చివరి బస్సు పోయేదాకా మామూలు సిగ్నలే ఉంచమని చివర్లో ఒక లైను చేర్చండి. మార్పు చేశాక నెల రోజులకు అవే గంటల్లో వెళ్లి మళ్లీ లెక్కపెట్టి ఆ కాగితం కూడా ఇచ్చి రండి. రెండో చౌరస్తా అడిగేటప్పుడు అదే పనికొస్తుంది.